సున్నా నుంచి నూట ఇరవై ఏడు

కీబోర్డు స్టాండు కింద నేల తుడవాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. నిలబడి తుడిస్తే ఆ మూల అందదు. తడిగుడ్డని గోడ దాకా తోసి, వెనక్కి లాగి, బకెట్లో పిండి మళ్ళీ తోస్తున్నాను. అక్క అప్పటికే చెప్పులు వేసుకుంది. గుమ్మంలో నిలబడి రోజూ అనే మూడు మాటలూ అంది.

"గ్యాస్ కట్టెయ్. నీళ్ళు పట్టు. తలుపు గడియ వెయ్."

"సరే అక్కా."

అక్క ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తుంది. నేను ఈ ఇంటికి వచ్చిన రెండేళ్ళలో ఆ మూడు మాటలూ అనకుండా ఆమె గడప దాటలేదు. ఒకసారి బావతో పెద్ద గొడవ పడి విసురుగా వెళ్ళిపోయింది. కింద దాకా దిగి, మళ్ళీ మెట్లెక్కి వచ్చి, ముఖం పక్కకి తిప్పుకునే ఆ మూడూ చెప్పి వెళ్ళింది.

ఆమె వెళ్ళిన పావుగంటకి బావ వచ్చాడు. రెండు చేతుల్లోనూ అట్టపెట్టెలు, చంకలో ఇంకొకటి.

"ఇంజనీరమ్మా, లే లే. నీకు మేత తెచ్చాను."

నేను ఇంజనీరుని కాదు. మా ఊరి బళ్ళో పదో తరగతి దాకా చదివాను. ఇక్కడ ఒక రిపేరు షాపులో మిక్సీలూ ఆంప్లిఫయర్లూ విప్పి, తెగిన తీగలకు సోల్డరింగ్ చేస్తాను. మధ్యాహ్నం నుంచి నా పని. ఇంగ్లీషు మాన్యువల్ ఇస్తే వేలు పెట్టి, మాట మాటా కూడబలుక్కుంటూ చదువుతాను. అందుకే ఒక్క మాట కూడా వదలను. బావ ఇంజనీరమ్మ అనడానికి కారణం అదే. ఎక్కువ మాట్లాడనని ఇంకో పేరు కూడా పెట్టాడు, మ్యూట్ బటన్ అని.

బావ పెద్ద హాల్లో ఆడే సంగీత నాటకాలకి కీబోర్డు వాయిస్తాడు. పదహారేళ్ళుగా అదే సీటు, స్టేజికి ఎడమ పక్క, తెర వెనకాల. ఇదివరకు అక్కడ మూడు కీబోర్డులూ ఇద్దరు మనుషులూ ఉండేవాళ్ళు. కొత్త నాటకానికి ఒక కీబోర్డు, ఒక ల్యాప్‌టాప్, ఒక మనిషి చాలన్నారు మాస్టారు. ఆ వాద్యబృందానికి ఆయనే పెద్ద. ఈ కొత్త కీబోర్డుకి సొంత గొంతు లేదు. ఏ మీట ఎంత గట్టిగా నొక్కామో అంకెల్లో ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. శబ్దం ల్యాప్‌టాప్ లోంచి వస్తుంది. చేతులు రెండూ మీటల మీదే ఉంటాయి కాబట్టి మిగతా పనంతా కుడి కాలిది. దానికి మూడు పెడల్స్.

మొదటిది తొక్కి ఉంచితే వాయించిన స్వరం ఆగకుండా మోగుతుంది, వదిలితే ఆగుతుంది. రెండోది కారు యాక్సిలరేటర్‌లా ముందుకి వంగుతుంది, దాంతో శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. మూడోది ఒకసారి తొక్కితే వాద్యం మారుతుంది. వేణువు పోయి వయొలిన్ వస్తుంది.

"పదిహేను రోజులు టైమిచ్చారు," అన్నాడు బావ, పెట్టెలు చింపుతూ. "పదిహేనో రోజు శనివారం మాస్టారు మనింటికే వచ్చి వింటారట. కుదిరితే సీటు నాది. కుదరకపోతే అవతలి బృందంలో ఒకాయన చంకలు గుద్దుకుంటూ తయారుగా ఉన్నాడు."

"కుదురుతుంది బావా."

"కుదరక చస్తుందా? నువ్వున్నావుగా. మీ ఇంటివాళ్ళు నాకు చేసిన ఒకే ఒక్క మేలు నువ్వు."

ఆ పూటంతా తీగలు కలపడం, ల్యాప్‌టాప్‌లో ఏ పెడల్ ఏ పని చెయ్యాలో చూపించడం. తెర మీద ప్రతి పెడల్ పేరు పక్కనా ఒక అంకె కనిపిస్తుంది. కాలు తీస్తే సున్నా. పూర్తిగా తొక్కితే నూట ఇరవై ఏడు. వంద ఎందుకు కాదో నాకు తెలీదు, మాన్యువల్లో రాయలేదు. నేను నేల మీద కూర్చుని ఒక్కో పెడల్ చేత్తో నొక్కి చూశాను. మూడూ చెప్పినట్టు విన్నాయి.

మర్నాడు మొదటి పెడల్ తిరగబడింది. బావ తొక్కితే శబ్దం చటుక్కున ఆగిపోతోంది. కాలు తీస్తే స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి మోగుతూనే ఉన్నాయి. నేను కీబోర్డు ఆపి, మళ్ళీ వేసి చూస్తే సరిగ్గానే ఉంది. సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి మళ్ళీ తిరగబడి ఉంది.

"నీ చేతిలో బుద్ధిగా ఉంటుంది, నన్ను చూస్తే మాత్రం తిక్క చేస్తుంది," అన్నాడు బావ. "మీ అక్క పోలిక."

ఆదివారం అక్కకి సెలవు. బావకి ఎనిమిదేళ్ళుగా షుగరు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున అక్క ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంది. ముందు వేళ్ళ సందులు, మడమలు. తర్వాత దూదిని సన్నగా పేని పాదం మీద అక్కడక్కడా తాకిస్తుంది. తాకినప్పుడల్లా బావ "ఆఁ" అనాలి.

"ఆఁ... ఆఁ... వారమంతా అందరికీ గుచ్చి, ఆదివారం మొగుడి మీద పడతావు కదే. ఆఁ."

"నోరు మూసుకుని ఆఁ అనండి."

"నోరు మూసుకుని ఆఁ ఎలా అంటారే?"

అక్కకి నవ్వొచ్చింది. అప్పుడే వంటింట్లో ఆమె ఫోను మోగింది. అటు తల తిప్పింది. దూది పట్టుకున్న చెయ్యి పాదానికి జానెడు దూరంలో గాల్లోనే ఆగిపోయింది. బావ "ఆఁ" అన్నాడు.

ఫోను మోతలో అక్కకి అది వినిపించలేదు. కూరగాయలు తరుగుతున్న నాకు వినిపించింది. బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కుర్చీ చేతి మీద ఆయన ఎడమ చేతి వేళ్ళు మెల్లగా తాళం వేస్తున్నాయి. అక్కది రోజుకి అరవై మందికి సూది గుచ్చే చెయ్యి, ఎప్పుడూ ఒకే నడకలో పడుతుంది. ఎగతాళికి అన్నాడనుకున్నాను. తరుగుతున్నది తరుగుతూ ఉండిపోయాను.

సోమవారం పొద్దున మాన్యువల్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. పెడల్స్ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కీబోర్డు ఆన్ చేసే క్షణంలో పెడల్ ఎలా ఉంటే, దాన్నే అది వదిలి ఉన్న స్థితిగా లెక్కపెట్టుకుంటుంది. ఆ క్షణంలో తొక్కి ఉంటే లెక్కంతా తలకిందులవుతుంది.

"బావా, ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలు పెడుతున్నారు."

"పెట్టట్లేదే. పెడితే నాకు తెలీదా?"

"ఒకసారి ఆన్ చెయ్యండి."

చేశాడు. నేను స్టాండు కిందకి వంగి చూశాను. మడమ నేల మీద ఉంది. వేళ్ళు మాత్రం పెడల్‌ని పూర్తిగా అణిచి ఉన్నాయి.

"కాలెక్కడుంది బావా?"

"నేల మీద."

"కొంచెం వెనక్కి తియ్యండి."

"తీశాను. చాలా?"

కాలు కదిలింది కానీ పక్కకి కదిలింది. వేళ్ళు పెడల్ మీదే ఉన్నాయి. నేను చెయ్యి చాచి ఆయన బొటనవేలి మీద గోరు పెట్టి నొక్కాను. గట్టిగా, తెల్లటి గీత పడేదాకా నొక్కాను. బావ తెర వైపే చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావమ్మా కింద? తీగ ఊడిందా?"

అక్కడే కూర్చుని, నిన్న గాల్లో ఆగిన అక్క చెయ్యి గుర్తొచ్చి, "నిన్న అక్క తాకకుండానే ఆఁ అన్నారు," అన్నాను.

బావ చేతులు మీటల మీది నుంచి తీసేశాడు. తర్వాత కీబోర్డు ఆపేసి, కుర్చీ వెనక్కి జరిపి, కిందకి వంగి నా ముఖంలోకి చూశాడు.

"ఐదు నెలలైంది. మీ అక్క చెయ్యి పడే తాళం లెక్కపెట్టుకుని ఆఁ అంటున్నాను. ఎడమది ఇంకా సగం పలుకుతుంది. కుడిది చెక్క."

"మరి ఇన్నాళ్ళూ ఎలా వాయించారు?"

"ఒక్క పెడలేగా. చెవితో తొక్కేవాణ్ణి. శబ్దం ఆగిందా, కాలు లేచిందన్నమాట. ఇప్పుడు మూడు తెచ్చి పడేశారు."

"అక్కకి చెప్దాం."

"చెప్తే?" బావ గొంతు తగ్గించాడు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా. "మంచానికి కట్టేస్తుంది నన్ను. సెలవు పెట్టిస్తుంది. మాస్టారికి కూడా తనే ఫోన్ చేసి చెప్తుంది, మీ అక్క సంగతి నీకు తెలీదా? పదహారేళ్ళ సీటు ఒక్క ఫోన్‌తో పోతుంది. నాకు వేరే పని చాతకాదమ్మా. ఈ శనివారం కాక పై శనివారం. ఆయన ఊఁ అననీ. ఆ మర్నాడు నేనే చెప్తాను, నీ ఎదురుగానే చెప్తాను."

"పన్నెండు రోజులు బావా."

"ఐదు నెలలు ఆగింది, పన్నెండు రోజులు ఆగదా?"

బావ నన్ను ఎప్పుడూ ఏదీ బతిమాలలేదు. చదువు ఆపేసి వచ్చిన నన్ను ఈ ఇంట్లో ఒక్క మాట అనలేదు. నాకు షాపులో పని ఇప్పించింది ఆయనే. నేను తల ఊపాను. ఊపిన తర్వాత నోటితో కూడా "సరే" అన్నాను.

ఆ రోజు నుంచి నేను చేసిందంతా ఒకటే పని. కాలికి తెలియనివన్నీ మెషిన్ సర్దుకునేలా చెయ్యడం.

ముందు, కీబోర్డు తనంతట తాను లెక్కపెట్టుకోకుండా ఆ సెట్టింగు తీసేసి, వదిలి ఉండటమంటే ఇదీ, తొక్కడమంటే ఇదీ అని గట్టిగా రాసిపెట్టాను. ఆ తర్వాత ఆయన కాలు ఎక్కడ పెట్టి ఆన్ చేసినా మొదటి పెడల్ తిరగబడలేదు. రెండో పెడల్ ఇంకా చిక్కుపెట్టింది. మెల్లగా పెంచాలనుకుంటే ఒక్క తోపుతో తెర మీద అంకె నూట ఇరవై ఏడుకి ఎగిరేది, కిటికీ అద్దాలు అదిరేవి. తగ్గించబోతే సున్నాకి పడి అసలు వినపడేదే కాదు. దాని కొలతను రెండు వైపులా కోసేశాను. ఎంత వెనక్కి వంచినా యాభై కంటే తగ్గదు, ఎంత తొక్కినా వంద దాటదు. మూడోదాన్ని బావ తెలియకుండా రెండుసార్లు తొక్కేవాడు, వేణువు తర్వాత వయొలిన్ రావాల్సింది డప్పు వచ్చేది. ఒకసారి తొక్కాక ఒక సెకను దాకా రెండో తొక్కుడు లెక్కలోకి రాకుండా చేశాను.

"నా కాలు ఎన్ని తప్పులు చేసినా నీ మెషిన్ ఒప్పుకుంటోందే," అన్నాడు బావ. "మీ అక్కకి కూడా ఇలాంటి సెట్టింగు ఏదైనా ఉందేమో చూడు."

"మొదటి పెడల్ ఎడమ కాలికి మారుద్దాం బావా."

"ఎడమ కాలు తాళం వేస్తుంది. దాన్ని కదిలిస్తే చేతులు ఆగిపోతాయి. అది నా గడియారం."

బుధవారం షాపులో ఒక ప్లైవుడ్ ముక్క దొరికింది. పెడల్స్ నేల మీద జారుతున్నాయని మూడింటినీ దానికి బిగించాను. బావ కాలు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి ఆగేలా వాటి ముందు ఒక చెక్క పట్టీ పెట్టి, పైన పల్చటి రబ్బరు అతికించాను. మడమ దాని మీద ఆనితే వేళ్ళు సరిగ్గా పెడల్స్ మీదకి వస్తాయి. పట్టీని కింది వైపు నుంచి నాలుగు స్క్రూలతో బిగించాను. మూడు ఒక కొలతవి. నాలుగోది డబ్బాలో దొరకలేదు, కొంచెం పొడవుది వేశాను. రబ్బరు మీద వేలితో తడిమి చూశాను. అప్పటికి ఏమీ తగల్లేదు.

"కాలు కనిపించేలా చెప్పుల్లేకుండా వాయించండి," అని కూడా నేనే చెప్పాను.

పట్టీ వచ్చాక బావ వాయించడం నిజంగానే కుదురుకుంది. రోజుకి ఐదారు గంటలు కూర్చునేవాడు. అక్క ల్యాబ్ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కాసేపు నిలబడి వినేది.

రెండో ఆదివారం అక్కని ల్యాబ్‌కి రమ్మన్నారు, ఎవరో రాలేదట. జడ వేసుకుంటూ నాతో అంది, "ఇవాళ బావ కాళ్ళు నువ్వు చూడు. దూది ఆ డబ్బాలో ఉంది. వేళ్ళ సందులూ, మడమలూ సరిగ్గా చూడాలి. ఊరికే పైపైన కాదు."

"సరే అక్కా."

"గ్యాస్ కట్టెయ్. నీళ్ళు పట్టు. తలుపు గడియ వెయ్."

నేను దూది తీసుకుని గదిలోకి వెళ్ళాను. బావ వాయిస్తున్నాడు. కష్టమైన చోటు, మూడు పెడల్స్ వెంట వెంటనే మారాలి. తల ఎత్తకుండానే, "దూది ఎందుకమ్మా, నీకు తెలియని రహస్యమా? ఈ ముక్క పట్టు చిక్కుతోంది, ఆపకు," అన్నాడు. నిజమే, తాకినా తెలియని కాలికి దూది ఎందుకనిపించింది నాకు కూడా. దూదితో పాటు కళ్ళతో చూడటం కూడా ఉందని నాకు గుర్తుంది. గుర్తుండే వెనక్కి వచ్చాను. తర్వాత చూద్దామనుకున్నాను. తర్వాత ఇంకో ముక్క, ఆ తర్వాత భోజనం.

సాయంత్రం అక్క వచ్చి చెయ్యి కడుక్కుంటూ అడిగింది. "చూశావా?"

"చూశాను."

"మడమలు?"

"బాగానే ఉన్నాయి."

బావ అన్నం కలుపుతూ నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కంచంలోకి చూసుకున్నాడు.

ఆ వారం మధ్యలో బావకి కొంచెం ఒళ్ళు వెచ్చబడింది. "టెన్షన్," అని ఒక మాత్ర వేసుకున్నాడు. స్టాండు కింద తుడుస్తుంటే రబ్బరు పట్టీ అంచున గోధుమరంగు మరక కనిపించింది. టీ మరక అనుకుని తుడిచేశాను. మర్నాడు మళ్ళీ ఉంది, మళ్ళీ తుడిచాను. గదిలో ఏదో వాసన. తడిగుడ్డ సరిగ్గా ఆరక కంపు కొడుతోందనుకుని దాన్ని రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాను. మూడోసారి కొత్త గుడ్డ తీశాను.

శనివారం పొద్దున పది గంటలకి మాస్టారు వచ్చారు. అక్క సెలవు పెట్టింది. నేల రెండుసార్లు తుడిచాను, ముఖం కనిపించేలా మెరుస్తోంది. మాస్టారు పొడుగ్గా, సన్నగా ఉంటారు. కుర్చీ వద్దని కిటికీ అంచుకి ఆనుకుని నిలబడ్డారు.

"ఏమయ్యా, కాళ్ళతో కూడా వాయిస్తున్నావటగా?"

"మీరు చెయ్యమంటే తలతో కూడా వాయిస్తాను మాస్టారూ."

"ఆ అవసరం రాదులే. దాన్ని నువ్వెప్పుడూ వాడింది లేదు."

బావ నవ్వి కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి తెర మీద అంకెలు చూస్తున్నాను. బావ మొదలుపెట్టాడు.

నాకు సంగీతం తెలీదు. కానీ ఆ పదిహేను రోజుల్లో ఆ ముక్కలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఆ పొద్దున అవి నాకు తెలిసిన ముక్కల్లా లేవు. వేణువు సన్నగా మొదలై, మోగుతున్న స్వరం చెదరకుండానే వయొలిన్‌లోకి మారింది. శబ్దం మెల్లగా పెరిగింది, మెల్లగా తగ్గింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బావ చివరి ముక్కలో ఒళ్ళు మరిచి, కుడి కాలి మీద బరువంతా వేసి తొక్కాడు. అంకె వంద దగ్గర కదలకుండా నిలబడింది. చెయ్యి ఎత్తాడు, కాలు వదిలాడు. యాభై. గది నిశ్శబ్దమైంది.

"సీటు నీదేనయ్యా," అన్నారు మాస్టారు. "సోమవారం రిహార్సల్‌కి వచ్చెయ్."

బావ లేచాడు. "టీ తాగి వెళ్ళండి మాస్టారూ," అంటూ ఆయనకి ఎదురు నడిచాడు. "మా మరదలు పెడుతుంది. టీ బాగుంటుందని నేను హామీ ఇవ్వలేను, పెడల్స్ మాత్రం ఆవిడ పుణ్యమే. ఏం ఇంజనీరమ్మా?"

తుడిచిన నేల మీద ఆయన వెనక అడుగు అడుగుకీ ఒక మరక పడుతోంది. ఎడమ అడుగులు పడిన చోట నేల శుభ్రంగా ఉంది. కుడి అడుగులు పడిన చోటల్లా మడమంత మరక, ఎరుపూ పసుపూ కలిసిన రంగు. మాస్టారు చూశారు. అక్క చూసింది. ఆ వాసన గదంతా నిండింది. బావ ఒక్కడికే తెలీదు. మాస్టారి భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ, "ఏంటి, అందరూ నా కాళ్ళకి దణ్ణం పెట్టేలా చూస్తున్నారు?" అన్నాడు.

అక్క ఒక్క అంగలో వెళ్ళి ఆయన్ని కుర్చీలోకి తోసి, పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. మడమ అడుగున గట్టిపడిన చర్మం పగిలి ఉంది. లోపల వేలు దూరేంత గుంట. చుట్టూ నల్లగా ఉంది, ఆ నలుపు చీలమండ వైపు పాకి ఉంది. అక్క రోజూ రక్తం చూసే మనిషి. ఆమె నోటి నుంచి అరుపు రాలేదు. "ఆటో పిలు," అంది నాతో.

మాస్టారే బావ చంక కింద చెయ్యి వేసి కిందకి దింపారు.

ఆ రోజూ, ఆదివారం, సోమవారం అక్క ఆస్పత్రిలోనే ఉంది. నేను అన్నం పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేదాన్ని. మంగళవారం పొద్దున ఆమె స్నానానికీ బట్టలకీ ఇంటికి వచ్చింది. మూడు రోజుల్లో కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. తడి జుట్టుతోనే గదిలోకి వచ్చి బీరువా తెరిచింది. బావ చొక్కాలు రెండు సంచీలో పెట్టింది.

"పాదం ఉంచలేమన్నారు," అంది బీరువాతో చెబుతున్నట్టు. "చీలమండ పైదాకా తీసేస్తారట. మధ్యాహ్నం. ఇంకో రెండు రోజులు ఆగితే మోకాలి దాకా పోతుందట. నేను వెళ్ళి సంతకం పెట్టాలి."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"మాస్టారు ఫోన్ చేశారు. అవతలి ఆయన్ని తీసుకున్నారట. ఈయనకి ఇంకా చెప్పలేదు." అక్క తువ్వాలు మడతపెట్టింది. మడత సరిగ్గా రాక మళ్ళీ విప్పింది. "పొద్దున నన్ను చూసి నవ్వుతున్నారు. ఇంజనీరమ్మతో చెప్పు, పెడల్స్ అన్నీ ఎడమ పక్కకి మార్చి పెట్టమని, అంటున్నారు. తాళానికి కొత్త గడియారం వెతుక్కుంటారట. నాకేం అర్థం కాలేదు."

ఏమైనా చేస్తూ ఉంటే బాగుండుననిపించింది. నేను స్టాండు కిందకి వంగి ప్లైవుడ్ పలకను బయటికి లాగాను. తీగలు ఊడదీసి, పెడల్స్ విప్పడానికి స్క్రూడ్రైవర్ తెచ్చాను. అక్క పక్కన వచ్చి కూర్చుంది. ఆ పలకను ఆమె దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"ఇక్కడేనా మడమ పెట్టేది?"

"ఊఁ."

అక్క రబ్బరు పట్టీ మీద చూపుడువేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా లాగింది. సగం దాటగానే "అబ్బా!" అని వేలు వెనక్కి లాక్కుంది. వేలి కొసన రక్తం బొట్టు నిలబడింది. రబ్బరు అరిగి, దాని లోంచి స్క్రూ మొన బియ్యపు గింజంత బయటికి వచ్చి ఉంది. నాలుగోది, నేను వేసిన పొడవుది. ఇంకెవరి కాలైనా అది తగిలిన మొదటి రోజే అరిచేది.

అక్క ఆ మొనను చూసింది. వేలిని చూసుకుంది. నా వైపు తిరిగింది.

"ఆ ఆదివారం చూశానన్నావు."

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"చూడలేదు."

"ఆయనకి కాలు తెలియట్లేదని?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెడల్స్ వచ్చిన నాలుగో రోజు నుంచి. చెప్పొద్దన్నారు అక్కా. మొన్న శనివారం దాకా ఆగమన్నారు. సీటు పోతుందని..."

అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి డబ్బాలోంచి దూది తీసి, వేలి కొస మీద పెట్టి, బొటనవేలితో అదిమి పట్టుకుంది. పేషెంట్లకి చెప్పినట్టే, రక్తం ఆగేదాకా లెక్కపెడుతూ నిలబడింది. పెదవులు కదలడం నాకు కనిపిస్తోంది. తర్వాత ఆ దూదిని మడిచి చెత్తబుట్టలో వేసింది. జుట్టు ముడి వేసుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఒక క్షణం ఆగింది. వంటింట్లో స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది, కుళాయి కింద బిందె సగం నిండింది. నేను ఆ మూడు మాటల కోసం చూశాను. అక్క వంగి, పక్కకి తిరిగిన చెప్పు పట్టీని సరిచేసుకుంది. తలుపు బార్లా తెరిచే ఉంచి మెట్లు దిగి వెళ్ళిపోయింది.